మునగాకులో యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలవడం: ఆకు కోత నుంచి అంకె దాకా

ముదురు ఊదారంగు ద్రావణంలో ఒక మిల్లీలీటరు పలచటి మునగాకు సారం పోసి కలపండి. కళ్లముందే రంగు వెలిసిపోవడం మొదలవుతుంది. ఊదా గులాబీ ఛాయకు దిగుతుంది, కాసేపటికి లేత పసుపు మిగులుతుంది. యాంటీఆక్సిడెంట్ పరీక్షల్లో ఇంత ముచ్చటగా కనిపించేది మరొకటి లేదు. అందుకే ప్రాజెక్టు చేసే ప్రతి విద్యార్థీ డీపీపీహెచ్ పరీక్ష అనే దీన్నే ఎంచుకుంటాడు. చాలామంది తప్పు చేసేదీ ఇక్కడే. తీరా చూస్తే ఆ తప్పులు యంత్రం దగ్గర జరిగినవి కావు, అంతకు ముందే ఆకు ఎండబెట్టేటప్పుడో, ఆ తర్వాత లెక్క వేసేటప్పుడో జరిగినవి.

మునగ, అంటే మొరింగా ఒలీఫెరా, ఆకులో క్వెర్సెటిన్, కెంఫెరాల్ అనే ఫ్లేవనాయిడ్లు చక్కెర అణువులతో జతకట్టి ఉంటాయి. వాటికి తోడు క్లోరోజెనిక్ ఆమ్లం వర్గానివి, విటమిన్ సి, బీటా కెరోటిన్ ఉంటాయి. ఇవన్నీ తమ ఎలక్ట్రాన్‌నో హైడ్రోజన్‌నో వదులుకుని ఎదుటి రాడికల్‌ను (జంటలేని ఎలక్ట్రాన్ ఉన్న, చురుగ్గా చర్య జరిపే అణువును) చల్లార్చగలవు. ఒక్కొక్క దాన్నీ విడదీసి కొలవాలంటే హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం కావాలి. అన్నీ కలిసి ఎంత పని చేస్తాయో తెలుసుకోవడానికి మాత్రం మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యంత్రం) చాలు. ఈ మార్గదర్శి ఆ రెండో పనికి. వేరే ఔషధ ఆకుకూరకైనా ఇదే పద్ధతి, గాఢతలు మాత్రం మార్చుకోవాలి.

1. ఆకు సేకరణ

ఒకే చెట్టు నుంచి సంచి నింపుకొని వచ్చి దాన్ని మూడు భాగాలు చేసి "మూడు నమూనాలు" అనకండి. అవి ఒకే నమూనాకు మూడు ముక్కలు. కనీసం మూడు చెట్ల నుంచి విడివిడిగా కోయాలి, చివరి దాకా విడివిడిగానే నడిపించాలి. లేతాకులో ఉన్నంత ముదురాకులో ఉండాలని లేదు కాబట్టి ఒకే వయసు ఆకులు ఎంచుకోండి. కొమ్మ చివరి నుంచి ఎన్నో రెమ్మ తీసుకున్నారో పుస్తకంలో రాసుకోండి. కోసిన తేదీ, వేళ కూడా రాయండి.

కోసిన ఆకు వాడిపోకముందే మంచినీటిలో కడిగి, గుడ్డ మీద తడి ఆర్చి, ఈనె నుంచి ఆకులు దూసేయండి. ఈనె కలిస్తే పొడి బరువు పెరుగుతుంది, సారం పెరగదు.

2. ఎండబెట్టడం

తొందరపడితే మొత్తం ప్రయోగం పాడయ్యేది ఈ దశలోనే. కోసిన ఆకులో పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఇంకా బతికే ఉంటుంది. ఆకు నలిగినా, తడితో గుట్టగా పడి ఉన్నా అది మీరు కొలవదలచిన ఫినాలిక్ పదార్థాలనే (ఫ్లేవనాయిడ్లు, క్లోరోజెనిక్ ఆమ్లం ఈ వర్గానివే) తినేస్తుంది. ఆకు గోధుమరంగుకు తిరిగిందంటే అది జరిగినట్టే. మరోవైపు, త్వరగా కావాలని ఓవెన్‌ను 80 డిగ్రీల మీద పెడితే విటమిన్ సి పోతుంది, మరికొన్ని పదార్థాలు మారిపోతాయి.

గాలి ఆడే నీడలో పలచగా పరచడం ఒక దారి. గాలి తిరిగే ఓవెన్‌లో 40 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆరబెట్టడం ఇంకో దారి. ఏది పాటించినా అన్ని నమూనాలకూ అదే పాటించాలి. వేళ్ల మధ్య నలిపితే ఆకు గలగలమని పొడి కావాలి, వంగితే ఇంకా ఆరలేదు. రంగు పచ్చగానే ఉండాలి.

ఆరిన ఆకును గ్రైండర్‌లో కొద్దికొద్దిగా, మధ్యమధ్య ఆపుతూ పొడి చేయండి. ఏకబిగిన తిప్పితే గిన్నె వేడెక్కుతుంది. ఒకే జల్లెడలో జల్లించి, గాలి చొరని ముదురు గోధుమరంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ పొడిలో ఒక గ్రాము తీసి, 105 డిగ్రీల దగ్గర బరువు నిలకడగా వచ్చేవరకు ఉంచి తేమ శాతం చూసుకోండి. ఈ ఒక గ్రాము పారేయడానికే, పరీక్షకు పనికిరాదు.

తేమ మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? పచ్చి ఆకులో 78 శాతం నీరుందనుకోండి. వంద గ్రాముల ఆకు ఆరితే 22 గ్రాములు మిగులుతుంది. అంటే ఏ మార్పూ లేకుండానే, కేవలం నీరు పోయినందుకే, గ్రాముకు వచ్చే అంకె నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. ఎండు పొడిని పచ్చి పండుతో పోల్చి "ఇన్ని రెట్లు ఎక్కువ" అని చెప్పే ప్రచారాల్లో సగం బలం ఈ నీటిదే. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం వంద గ్రాముల పచ్చి మునగాకులో విటమిన్ సి 51.7 మిల్లీగ్రాములు, వంద గ్రాముల నారింజలో 53.2. దాదాపు సమానం. మునగకాయలో మాత్రం 141. రకాన్ని బట్టి, నేలను బట్టి, కొలిచిన తీరును బట్టి ఇతర పట్టికల్లో మునగాకు అంకె ఇంతకు ఎన్నో రెట్లు కనిపిస్తుంది. అందుకే పోలిక ఎప్పుడూ పొడి బరువుకు పొడి బరువు, పచ్చికి పచ్చి.

3. సారం తీయడం

ఒక గ్రాము పొడికి 70 శాతం మిథనాల్ 20 మిల్లీలీటర్లు పోసి, మూతపెట్టి, గది ఉష్ణోగ్రత దగ్గర రెండు గంటలు షేకర్ మీద ఉంచండి. వడపోయండి. మిగిలిన పిప్పికి మళ్లీ 15 మిల్లీలీటర్లు పోసి అరగంట, ఇంకోసారి 10 మిల్లీలీటర్లు పోసి అరగంట. మూడు వడపోతలనూ కలిపి, అదే ద్రావణితో 50 మిల్లీలీటర్లకు సరిచేయండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల పొడికి సమానమైన సారం. ముందు ముందు లెక్కలన్నీ దీని మీదే ఆధారపడతాయి కాబట్టి సీసా మీద రాసిపెట్టుకోండి.

స్వచ్ఛమైన మిథనాల్ ఎందుకు కాదు? చక్కెరతో జతకట్టిన ఫ్లేవనాయిడ్లకు నీటి తోడు కావాలి. పొడి కాస్త ఉబ్బి ద్రావణిని లోపలికి రానివ్వడానికీ నీరు పనికొస్తుంది. స్వచ్ఛ ద్రావణి ఫినాలిక్స్ కంటే పత్రహరితాన్ని ఎక్కువ లాక్కొచ్చి తర్వాత మనల్ని ఏడిపిస్తుంది.

మిథనాల్ విషం, చూపు పోగొడుతుంది, సులభంగా నిప్పంటుకుంటుంది. ఆవిర్లను లాగేసే ఫ్యూమ్ హుడ్ కింద, చేతి తొడుగులతోనే పని చేయండి. హుడ్ లేకపోతే 70 శాతం ఇథనాల్ వాడండి, కాకపోతే మొదటి నుంచి చివరి దాకా అదే వాడాలి. ఏది వాడినా ప్రయోగశాలలో తీసిన సారాన్ని ఎవరూ నోట పెట్టకూడదు.

4. మొత్తం ఫినాలిక్స్: ఫోలిన్ పరీక్ష

రాడికల్ పరీక్షకు ముందు ఇది చేయమంటాను, ఎందుకంటే మీ సారం ఎంత బలంగా ఉందో ఒక అంచనా వస్తుంది.

మిల్లీలీటరుకు 20 మి.గ్రా. ఉన్న సారాన్ని ఇరవై రెట్లు పలచన చేసి మిల్లీలీటరుకు 1 మి.గ్రా. ద్రావణం తయారు చేయండి. పరీక్షనాళికలో దీన్ని 0.5 మిల్లీలీటర్లు తీసుకుని, పది రెట్లు పలచన చేసిన ఫోలిన్-సియోకాల్టు ద్రావణం 2.5 మిల్లీలీటర్లు కలపండి. అయిదు నిమిషాల తర్వాత 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మిల్లీలీటర్లు. వరుస మార్చకండి. క్షారంలో ఫోలిన్ ద్రావణం త్వరగా నశిస్తుంది. కార్బొనేట్ ముందు పోస్తే ఫినాల్ అందుకునేలోపే అది పోతుంది. గంటసేపు చీకట్లో ఉంచి 765 నానోమీటర్ల దగ్గర చదవండి. పసుపు పోయి నీలం వస్తుంది. సీసాలోని ఫోలిన్ వాడకముందే ఆకుపచ్చగా మారి ఉంటే అది పాడైపోయింది, వాడకండి.

ప్రమాణంగా గాలిక్ ఆమ్లం మిల్లీలీటరుకు 10, 20, 40, 60, 80 మైక్రోగ్రాముల ద్రావణాలు తీసుకుని ఇదే విధంగా చేసి గీత గీయండి. ఉదాహరణకు, మీ నమూనా ఆ గీత మీద 28 మైక్రోగ్రాముల దగ్గర పడిందనుకోండి. మిల్లీలీటరులో ఉన్న పొడి 1 మిల్లీగ్రాము, కాబట్టి గ్రాము పొడికి 28 మిల్లీగ్రాముల గాలిక్ ఆమ్లానికి సమానం. పొడిలో తేమ 8 శాతం ఉంటే 28ని 0.92తో భాగించండి, 30.4 వస్తుంది. నివేదికలో రాయాల్సింది ఈ రెండో అంకె.

పేరు "మొత్తం ఫినాలిక్స్" అయినా ఈ పరీక్ష విటమిన్ సిని, కొన్ని చక్కెరలను, ప్రోటీన్లను కూడా ఎంతో కొంత లెక్కలో వేసుకుంటుంది. ఇది మరచిపోయి రాసిన సిద్ధాంత వ్యాసాలు బోలెడు.

5. డీపీపీహెచ్ పరీక్ష

పూర్తి పేరు 2,2-డైఫినైల్-1-పిక్రిల్‌హైడ్రజైల్. మార్స్‌డెన్ బ్లోయిస్ 1958లో దీన్ని యాంటీఆక్సిడెంట్ పరీక్షగా ప్రతిపాదించాడు. దీని అణువులో ఒక నత్రజని మీద జంటలేని ఎలక్ట్రాన్ ఉంటుంది. మామూలు రాడికల్స్ క్షణంలో మాయమవుతాయి, ఇది మాత్రం సీసాలో పొడిగా నిలవ ఉంటుంది. జత దొరికిన వెంటనే ఊదారంగు పోతుంది. మనం కొలిచేది ఆ పోయిన రంగునే, 517 నానోమీటర్ల దగ్గర. ఇది కంటికి కనిపించే కాంతే కాబట్టి గాజు క్యువెట్ (నమూనా పోసి యంత్రంలో పెట్టే చిన్న పాత్ర) చాలు, ఖరీదైన క్వార్ట్జ్ అక్కర్లేదు.

ద్రావణం తయారీ: అణుభారం 394.3. 0.1 మిల్లీమోలార్ ద్రావణం వంద మిల్లీలీటర్లకు 3.94 మిల్లీగ్రాములు కావాలి. అంత తక్కువ తూచడం మామూలు త్రాసుతో అయ్యే పని కాదు. 39.4 మిల్లీగ్రాములు తూచి వంద మిల్లీలీటర్ల మిథనాల్‌లో కరిగించి, దాన్ని పది రెట్లు పలచన చేయండి. సీసాకు అల్యూమినియం రేకు చుట్టండి. ఏ రోజుది ఆ రోజే చేసుకోవడం మంచిది.

ప్రతి నాళికలో 3 మిల్లీలీటర్ల డీపీపీహెచ్, 1 మిల్లీలీటరు నమూనా. ఇక్కడ ఆగి ఒక్క విషయం గమనించండి. మీరు పోసిన నమూనా నాళికలో నాలుగో వంతుకు పలచబడింది. పోసిన ద్రావణంలో 400 మైక్రోగ్రాములు ఉంటే తుది గాఢత 100. నివేదికలో ఏ గాఢత రాస్తున్నారో తేల్చుకుని, నమూనాకూ ప్రమాణానికీ (ఇక్కడ విటమిన్ సి) అదే రాయండి. ఒకదానికి పోసిన గాఢత, మరొకదానికి తుది గాఢత రాస్తే ఫలితం నాలుగు రెట్లు తప్పుతుంది. అంకె చూడ్డానికి మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు.

ముందు దారి వెతకండి: 20, 2, 0.2 మి.గ్రా. ద్రావణాలతో మూడే మూడు నాళికలు. ఏ రెండింటి మధ్య సగం రంగు పోతోందో కంటికే తెలుస్తుంది. ఆ మధ్య అయిదు గాఢతలు ఎంచుకోండి. ఉదాహరణకు, 1 మి.గ్రా. ద్రావణం నుంచి 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్లు తీసి ఒక్కొక్కటీ 10కి పూరిస్తే తుది గాఢతలు 50, 100, 150, 200, 250 మైక్రోగ్రాములు అవుతాయి. పలచన చేసే ద్రావణి సారం తీసినదే, 70 శాతం మిథనాల్. నీటితో పలచన చేయకండి. నాళికలో నీటి శాతం బాగా పెరిగితే డీపీపీహెచ్ మసకబారి విరిగిపోతుంది.

నాళికలు ఇలా అమర్చుకోండి. కంట్రోల్‌లో, అంటే సారం లేని నాళికలో, డీపీపీహెచ్ 3, 70 శాతం మిథనాల్ 1. నమూనా నాళికలు ఒక్కో గాఢతకు మూడేసి. ఒక్కో గాఢతకు ఒక "నమూనా బ్లాంక్", అంటే డీపీపీహెచ్ లేకుండా మిథనాల్ 3, సారం 1.

ఈ చివరిదాన్ని నేను మొదటిసారి చేసినప్పుడు దండగ పని అనుకుని వదిలేశాను. సారం గాఢత పెంచేకొద్దీ రంగు పోయిన శాతం పెరగాల్సింది పోయి, ఒక స్థాయి దాటాక తగ్గుతూ వచ్చింది. రెండు రోజులు రసాయనాలను అనుమానించాను. తీరా చూస్తే ఊదారంగు ఎప్పుడో పూర్తిగా పోయింది, యంత్రం చదువుతున్నది ఆకు పచ్చదనాన్ని. పత్రహరితం 517 దగ్గర బలంగా శోషించదు గానీ గాఢ సారంలో ఆ కాస్తే చాలు.

అన్నీ కలిపి అరగంట చీకట్లో ఉంచి చదవండి. అరగంట శాసనం కాదు. విటమిన్ సి నిమిషంలోపే పని ముగిస్తుంది. పాలీఫినాల్స్ నెమ్మదిగా, తీరిగ్గా చేస్తాయి. ఒక్క నాళికను 5, 10, 30, 60 నిమిషాల దగ్గర చదివి చూడండి. 30కీ 60కీ తేడా ఎక్కువ ఉంటే గంట తీసుకోండి.

లెక్క: నమూనా అంకె నుంచి దాని బ్లాంక్ తీసేయండి. వచ్చినదాన్ని కంట్రోల్ నుంచి తీసేయండి. కంట్రోల్‌తో భాగించి వందతో గుణించండి. కంట్రోల్ 0.85, నమూనా 0.47, బ్లాంక్ 0.05 అనుకుందాం. 0.47లో 0.05 పోతే 0.42. 0.85లో అది పోతే 0.43. శాతం 50.6. బ్లాంక్ మరచిపోతే 44.7 వచ్చేది.

6. యంత్రం, ద్రావణం సరిగా ఉన్నాయా అని పరీక్షించుకోవడం

చాలా పుస్తకాల్లో లేని దశ ఇది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆస్కార్బిక్ ఆమ్లం అణువు ఒక్కటి రెండు డీపీపీహెచ్ అణువులను చల్లారుస్తుంది. మన నాళికలో డీపీపీహెచ్ 75 మైక్రోమోలార్. అందులో సగం 37.5. దాన్ని చల్లార్చడానికి ఆస్కార్బిక్ ఆమ్లం 18.75 మైక్రోమోలార్ కావాలి. అణుభారం 176తో గుణిస్తే మిల్లీలీటరుకు 3.3 మైక్రోగ్రాములు. అంటే మీ విటమిన్ సి ప్రమాణం సగం రంగును పోగొట్టే తుది గాఢత 3.3 దగ్గర రావాలి. 3 నుంచి 4 మధ్య వస్తే నిశ్చింతగా ముందుకు సాగండి. 10 వచ్చిందా? విటమిన్ సి ద్రావణం పాతది, లేదా డీపీపీహెచ్ తూకం తప్పింది, లేదా పోసిన గాఢతనే తుది గాఢత అనుకున్నారు. మునగాకు దాకా వెళ్లకముందే ఆగి సరిచేసుకోండి.

ఈ ప్రమాణానికి తుది గాఢతలు 1, 2, 3, 4, 5 మైక్రోగ్రాములు తీసుకుంటే సరిపోతుంది. ద్రావణం అప్పటికప్పుడు చేయాలి. నిన్నటిది ఈరోజు పనికిరాదు.

7. ఐసీ 50

సగం రంగు పోగొట్టే గాఢతే ఐసీ 50. అంకె ఎంత తక్కువైతే శక్తి అంత ఎక్కువ. దీన్ని తలకిందులుగా చదివి "ఎక్కువ ఐసీ 50 ఉన్న రకం మేలు" అని రాసినవాళ్లు లేకపోలేదు.

గీతను 20, 80 శాతాల మధ్య బిందువులతోనే గీయండి. ఆ పైన గీత వంగిపోతుంది. 100 మైక్రోగ్రాముల దగ్గర 38 శాతం, 150 దగ్గర 54 శాతం వచ్చిందనుకోండి. 50కి ఇంకా 12 శాతం కావాలి, రెండింటి మధ్య తేడా 16. యాభై మైక్రోగ్రాముల ఎడంలో 12/16 వంతు 37.5. ఐసీ 50 విలువ 137.5. మీ అత్యధిక గాఢత దగ్గర కూడా 50 శాతం దాటకపోతే గీతను పొడిగించి ఊహించకండి, గాఢత పెంచి మళ్లీ చేయండి.

ఈ 137.5ను ఇంకొకరి వ్యాసంలోని అంకెతో నేరుగా పోల్చడం కుదరదు. వాళ్లు డీపీపీహెచ్ రెట్టింపు గాఢతలో వాడి ఉంటే వాళ్ల ఐసీ 50 దాదాపు రెట్టింపు వస్తుంది, ఆకు అదే అయినా. అందుకే మీ సొంత విటమిన్ సి అంకెతో భాగించండి: 3.3ను 137.5తో భాగిస్తే 0.024. గ్రాము పొడికి 24 మిల్లీగ్రాముల ఆస్కార్బిక్ ఆమ్లానికి సమానం. ఈ రూపంలో అయితే ఇతరుల ఫలితాలతో పోల్చడానికి కాస్త దారి ఉంటుంది.

8. రెండో సాక్షి: ఫ్రాప్

ఒకే పరీక్షతో తీర్పు చెప్పకూడదు. బెంజీ, స్ట్రెయిన్ 1996లో ఇచ్చిన ఫ్రాప్ పద్ధతి రాడికల్‌ను వాడదు. ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మార్చే శక్తిని చూస్తుంది. 300 మిల్లీమోలార్ అసిటేట్ బఫర్ (పీహెచ్ 3.6) పది భాగాలు, 40 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించిన 10 మిల్లీమోలార్ టీపీటీజెడ్ (ఫెర్రస్ ఇనుముతో కలిసి నీలం రంగునిచ్చే పదార్థం) ఒక భాగం, 20 మిల్లీమోలార్ ఫెర్రిక్ క్లోరైడ్ ఒక భాగం అప్పటికప్పుడు కలిపి, 37 డిగ్రీల దగ్గర నమూనాతో కలిపి, 593 నానోమీటర్ల దగ్గర నీలాన్ని చదవండి. మూడు చెట్ల వరుస రెండు పరీక్షల్లోనూ ఒకేలా వస్తే ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది. వరుస మారితే అదీ ఒక ఫలితమే, దాచకుండా రాయండి.

9. అంకె అర్థం

నాళికలో జరిగింది శరీరంలో జరగాలని లేదు. ఆకులోని ఫ్లేవనాయిడ్లలో కొంత భాగమే పేగు నుంచి రక్తంలోకి వెళ్తుంది. వెళ్లింది కూడా పేగు గోడలో, కాలేయంలో రూపం మార్చుకుంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఒకప్పుడు ఆహార పదార్థాల ఓరాక్ (యాంటీఆక్సిడెంట్ శక్తిని నాళికలో కొలిచే మరో పరీక్ష) అంకెల పట్టిక నడిపింది. నాళికలోని అంకెలు ఆరోగ్య ఫలితాన్ని చూపవని, వాటిని ప్రకటనలకు దుర్వినియోగం చేస్తున్నారని 2012లో దాన్ని తీసేసింది. అంతకు ముందే, 1994లో ఫలితాలు వెలువడిన ఫిన్లాండ్ పరీక్షలో, పొగతాగే 29,133 మంది పురుషుల్లో బీటా కెరోటిన్ మాత్రలు తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువ వచ్చింది. అది మాత్ర, ఇది ఆకు. అయినా "యాంటీఆక్సిడెంట్ కాబట్టి రోగం నయమవుతుంది" అన్న వాక్యం మీ నివేదికలో ఎక్కడా ఉండకూడదని చెప్పడానికి ఆ ఒక్క అంకె చాలు.

నివేదికలో ఉండాల్సినవి: చెట్ల సంఖ్య, ఆకు వయసు, ఎండబెట్టిన ఉష్ణోగ్రత, తేమ శాతం, ద్రావణి, నాళికలో డీపీపీహెచ్ తుది గాఢత, వేచిన సమయం, నమూనా బ్లాంక్ తీసేశారా లేదా, విటమిన్ సికి మీకు వచ్చిన ఐసీ 50. సగటు పక్కన ప్రామాణిక విచలనం రాసేటప్పుడు అది మూడు చెట్ల మధ్య తేడానా, ఒకే సారాన్ని మూడుసార్లు చదివితే వచ్చిన తేడానా అన్నది కూడా రాయండి. మిగిలిన మిథనాల్ ద్రావణాలను సింకులో పోయకండి, వ్యర్థ ద్రావణుల డబ్బాలో పోసి పేరు రాయండి.